ఎడంచేతి ఊసు

విజయనగరం,
3-8-2018

పిన్నీ,

ఉసిరికాయ పచ్చడి అందింది. నూనె సగం సంచీయే తాగేసింది, ఈసారి మూతకి గుడ్డ కట్టి పంపు. బాబాయి "ఫోను చెయ్యొచ్చు కదా" అంటున్నాడని రాశావు. నీకు ఫోనులో సగమే వినపడుతుంది. నేను అరిస్తే మిగతా సగం పక్కగదివాళ్ళు వింటారు. పదేళ్ళప్పుడు నౌపడ వదిలి శ్రీకాకుళం వచ్చేసిన దగ్గర్నుంచీ మనకి ఉత్తరాలే అలవాటు. అలాగే ఉండనీ.

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. రోతగా ఉంది.

కోట దగ్గర ముసలి డాక్టరుగారి ఇంట్లో పని నేర్చుకుంటున్నానని నీకు తెలుసు. ఆయన మందులివ్వడు. వచ్చినవాళ్ళని మంచం మీద పడుకోబెట్టి, మనసులో ఏది తోస్తే అది దాచకుండా చెప్పమంటాడు. కలలూ, చిన్ననాటి గొడవలూ అన్నీ అలా బయటపడతాయి. ఇప్పుడు ఆరుగురు నా దగ్గరికి కూడా వస్తున్నారు.

నేను చేరిన రోజున నా కుర్చీ ఎక్కడ వెయ్యాలో ఆయనే దగ్గరుండి చూపించాడు. మంచానికి తలవైపు, నా ఎడమ భుజం గోడకి ఆనేలాగ. "రోగికి మనం కనపడకూడదమ్మా, పద్ధతి" అన్నాడు. ఆయన గదిలో మాత్రం ఆయన కుర్చీ మంచానికి ఎదురుగా, కిటికీ వెలుగులో ఉంటుంది. మోచేతి కింద నాలుగంగుళాలకే ఆగిపోయిన నా ఎడంచేతి ఊసు పద్నాలుగు నెలల్లో ఆయన ఎత్తలేదు. ఆ ఆరుగురూ ఎత్తలేదు. మనసులో ఉన్నదంతా కక్కడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. తోడబుట్టినవాడు చస్తే బాగుండునని కూడా చెబుతారు. గుమ్మంలో నన్ను చూసి గడియారం వైపు తిరుగుతారు.

వాళ్ళలో ఒకాయన ఉన్నాడు. పేరు రాయకూడదు, భోగాపురమాయన అందాం. చేపలవేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, రొయ్యపిల్లల వ్యాపారంలో పైకొచ్చాడు. ఏడాదిగా ఆయనకి తిండి ఇమడదు. ఎవరి చెయ్యి తగిలిన అన్నమైనా వాంతే. కడుపు డాక్టర్లు ఏమీ లేదన్నారు. వారానికి రెండుసార్లు వస్తాడు. ముందు మా బాత్రూములోకి వెళ్ళి కక్కుతాడు, గోడ అవతల నాకంతా వినపడుతుంది. తర్వాత రుమాలుతో మూతి తుడుచుకుని, పెళ్ళికొచ్చినట్టు నవ్వుతూ వచ్చి పడుకుంటాడు. నేను సీసాని ఎడమ చంకలో బిగించి మూత తిప్పి నీళ్ళిస్తాను. ఎనిమిది నెలల్లో ఒక్క గుక్క తాగలేదు. ఒకరోజు ఉపవాసం, ఒకరోజు పంటినొప్పి. నిన్న ఒక కల చెప్పాడు. వల నిండా పీతలట, కూర్చుని లెక్కపెట్టాడట. "అన్నిటికీ పెద్దకాళ్ళు రెండేసి ఉన్నాయి మేడం, ఒక్కటీ ఊడనేదు" అని మూడుసార్లు అన్నాడు. డాక్టరుగారికి చెబితే వల అంటే తల్లిగర్భం అన్నాడు. ఆయన కూడా ఆ మాట కిటికీతోనే అన్నాడు.

నువ్వే నయం పిన్నీ. పదేళ్ళు పెంచావు, ఒక్కరోజు కూడా నా చెయ్యి గురించి ఒక్కమాట అనలేదు. అమ్మ అలా కాదు. మొన్న శ్రీకాకుళం వెళ్తే నలుగురి మధ్యలో చెయ్యి లాక్కుని, నిమిరి, కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది.

నీ
సింధు


నౌపడ,
14-8-2018

చిరంజీవి సింధుకి పిన్ని భాగ్యవతి దీవెనలు.

ఇక్కడ ముసురు వదలడం లేదు. ఉప్పు కుప్పలకి కప్పిన తాటాకులు ఎగిరిపోతున్నాయని బాబాయి రోజుకి రెండుసార్లు మడుల దగ్గరికి వెళ్ళి తడిసి వస్తున్నారు. తుమ్ములు. చెబితే వినరు.

భోగాపురం అబ్బాయి సంగతి చదివాను. అన్ని నెలలు వచ్చి పోతూ కూడా చెయ్యి మాట ఎత్తలేదంటే మర్యాద తెలిసిన మనిషే అనిపిస్తోంది. మన కులం కాదు, అయినా ఈ రోజుల్లో అంత పట్టించుకునేవాళ్ళెవరు. పెళ్ళయిందా? కడుపునొప్పికి వాము కషాయం ఇచ్చి చూడు. నువ్వు నీళ్ళిచ్చేటప్పుడు మాత్రం సీసా అలా చంకలో పెట్టకు తల్లీ, మూత ముందే తీసి ఉంచుకో. చూసేవాళ్ళకి ఇబ్బంది.

మీ అమ్మని ఏమీ అనకు. దాని తీరు దానిది.

మూడు జాకెట్లు కుట్టించి పంపుతున్నాను. ఎడమ చెయ్యి పొడుగ్గా పెట్టించాను, ఎప్పట్లాగే. వంగపండు రంగుది నీకు బాగుంటుంది.

పిన్ని


విజయనగరం,
29-8-2018

పిన్నీ,

ఆయనకి పెళ్ళయింది. ఆయన నా దగ్గరికి వైద్యానికి వస్తున్నాడు, పెళ్ళిచూపులకి కాదు. నేను రాసిందేమిటి, నువ్వు చదివిందేమిటి? చెయ్యి మాట ఎత్తకపోవడం మర్యాద కాదు, అదే ఆ మనిషి రోగం.

నీ జాకెట్లు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఎడమ చెయ్యి చివర గుడ్డ ఖాళీగా వేలాడుతోంది. చిన్నప్పుడు అందులో దూది కూరేదానివి, గుర్తుందా? చెమటకి అది తడిసి కంపు కొట్టేది. కత్తెరతో మూడింటికీ ఎడమవైపు కోసేశాను.

ఆ ఊపులోనే మర్నాడు కుర్చీ జరిపాను. మంచం పక్కకి, పడుకున్న మనిషికి నేను మొత్తం కనపడేలాగ. భోగాపురమాయన వచ్చాడు, కుర్చీ చూశాడు, నన్ను చూశాడు. బాత్రూములోకి వెళ్ళి, అటునుంచి అటే వెళ్ళిపోయాడు. గోడ మీద పడింది నేనే కడిగాను. డాక్టరుగారు పిలిచి, నా సొంత గోలని వైద్యంలోకి తెస్తున్నానన్నాడు. "వాళ్ళు నీలో తల్లిని చూస్తారమ్మా, తండ్రిని చూస్తారు. నీ చెయ్యిని కాదు" అన్నాడు. అంత మెత్తని గొంతుతో అంత రోత మాట నేనెక్కడా వినలేదు.

అసలు సంగతి ఇది. రెండు రోజుల తర్వాత ఆయన భార్య వచ్చింది. ఆవిడ అన్నది అన్నట్టే రాస్తున్నాను. "పాప ఉన్నాది మేడం. మూడేళ్ళు. రెండు సేతులకీ వేళ్ళు అతుక్కుపోయి పుట్టింది. మా అమ్మకాడ ఉంచీసినాం. ఆయన మీకు సెప్పనేదేటి?"

చెప్పలేదు పిన్నీ. ఎనిమిది నెలలు. "పిల్లలున్నారా?" అని మొదటిరోజే అడిగితే, ఒక కొడుకు అన్నాడు.

ఆవిడ వెళ్ళాక నేను వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. ఆ మనిషిని ముఖం మీద కొట్టాలనిపించింది. కన్న బిడ్డని ఇంకొకరి ఇంట్లో దాచి, నవ్వుతూ వచ్చి నా మంచం మీద పడుకున్నాడు. అప్పుడే అనిపించింది, నన్ను కూడా ఒకరి ఇంట్లో ఉంచారు కదా అని. అమ్మకి టైఫాయిడ్ వచ్చిందని, అందుకే ఆర్నెల్ల పిల్లని నీ దగ్గర పెట్టారని చెబుతారు. టైఫాయిడ్ పదేళ్ళుంటుందా? నా చెయ్యి చూడలేక అమ్మ నన్ను నీకు ఇచ్చేసింది. అవునా, కాదా? ఒక్క ముక్కలో రాయి.

సింధు


నౌపడ,
10-9-2018

సింధుకి,

టైఫాయిడ్ నిజమే. తవ్వుకోకు.

కోసేసిన జాకెట్ల సంగతి చదివి ఆ పూట అన్నం తినలేకపోయాను. దూది కూరింది పదిమందీ నిన్ను వింతగా చూడకూడదనే గాని మరొకందుకు కాదు.

నీ ఉత్తరం చూసి భయమేసి, బాబాయి చేత మీ అమ్మకి ఫోను చేయించాను. పిల్లకి అక్కడ ఒంట్లో బాగున్నట్టు లేదు, ఒకసారి వెళ్ళి చూడవే అక్కా అని చెప్పించాను. ఇంకేమీ చెప్పించలేదు. ఆ ఉద్యోగం మానెయ్యి. కక్కేవాళ్ళ దగ్గర కూర్చుంటే మనసు అలాగే అవుతుంది.

వినాయకచవితికి ఉండ్రాళ్ళు పంపుదామనుకున్నాను, పాడవుతాయని మానేశాను.

పిన్ని


విజయనగరం,
26-9-2018

పిన్నీ,

అమ్మ వచ్చింది. నాకు జ్వరమనుకుని గ్లూకోజు పొట్లాం, బ్రెడ్డు పట్టుకుని వచ్చింది. మంచం మీద కూర్చోబెట్టి, ఎప్పటిలాగే ముందు ఎడంచెయ్యి పట్టుకుంది. నేను లాక్కున్నాను. నోటికొచ్చినట్టు అడిగేశాను. "నన్ను సూసి నీకు రోత పుట్టింది, అందుకే ఇచ్చీసినావు. ఇప్పుడు ఈ నిమరడాలేటి?" అన్నాను. కోపమొస్తే నాకు నౌపడ మాటే వస్తుంది.

అమ్మ బ్రెడ్డు బల్ల మీద పెట్టింది. చెప్పులేసుకుంటూ, "మీ పిన్నిని అడుగు" అంది. అంతే, బస్టాండుకి నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి పిలవలేదు నేను.

భోగాపురమాయన మూడు వారాల తర్వాత మళ్ళీ వచ్చాడు. కుర్చీ నేను జరిపిన చోటే ఉంది. పడుకుని కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు చెప్పాను, నా ఎడంచెయ్యి మోచేతి కింద లేదని, మొదటిరోజు నుంచీ ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడని.

"నాకు అలాటిదేటీ కనపడనేదు మేడం" అన్నాడు. కాసేపటికి, "మీరు దేవతలాటోరు" అన్నాడు.

నేను మూత తీసిన సీసాలో నీళ్ళు ఎందుకు తాగరని అడిగాను. లేచి కూర్చున్నాడు.

"సూసినాను. మొదటిరోజే సూసినాను. ఒక సెయ్యి నేని మేడం ఉన్నాది, ఆవిడకాడికెల్లు అని మా ఆడమనిషే పంపింది. సూడగా సూడగా అలవాటైపోతాదని వొచ్చినాను. అవనేదు." తల ఎత్తకుండానే మిగతాది చెప్పాడు. పోయినేడు అత్తారింటికి వెళ్ళినప్పుడు పాప తన కంచంలోంచి ముద్ద తీసి ఆయన నోట్లో పెట్టిందట. "దాని ముందే కక్కీసినాను మేడం. అది నవ్వింది. ఆటనుకుంది. మళ్ళీ ఇంకో ముద్ద ఎట్టబోయింది." అప్పటినుంచీ ఎవరి చేతి అన్నమూ లోపల నిలవడం లేదు. "మిమ్మల్ని సూసినా నాకు అదే రోత. ఏటి సెయ్యమంటారు?"

నాకు ఏడుపు రాలేదు. ఆయన మీద అసహ్యం పోలేదు. కాని ఆ గదిలో నాతో ఒక మనిషి మాట్లాడింది అదే మొదలనిపించింది. మళ్ళీ బుధవారం రమ్మన్నాను.

డాక్టరుగారు అంతా విని, నేను రోగిని అవమానించానని ఒక కాగితం రాసి ఫైలులో పెట్టాడు. కొన్నాళ్ళు సెలవు తీసుకోమన్నాడు. రాస్తున్నంతసేపూ ఫైలు అంచుతో నా ఎడంచెయ్యి తనకి కనపడకుండా అడ్డం పెట్టుకున్నాడు. తనకే తెలీదు.

అమ్మ నిన్ను అడగమంది. అడుగుతున్నాను.

సింధు


నౌపడ,
4-11-2018

సింధూ,

తిత్లీ తుఫాను పోయి మూడు వారాలైనా మాకు మొన్నే కరెంటు వచ్చింది. ఉప్పు కుప్పలన్నీ నీళ్ళయిపోయాయి. మడులేవో సముద్రమేదో తెలియకుండా పోయింది. గోదాము రేకులు రోడ్డు దాటి పడ్డాయి. మేం బాగానే ఉన్నాం. ఆలస్యం తుఫాను వల్లే అని రాద్దామనుకున్నాను గాని అది అబద్ధం. నీ ఉత్తరం తుఫానుకి ముందే వచ్చింది. బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను.

నువ్వు పుట్టినప్పుడు నాకు నాలుగో నెల. మా అత్తగారు నిన్ను చూడొద్దన్నారు, చూస్తే కడుపులో బిడ్డకి తగులుతుందన్నారు. అయినా అక్క కదా అని వెళ్ళాను. మీ అమ్మ పొత్తిగుడ్డ విప్పి, "సూడవే సెల్లీ, నా పిల్ల" అని చెయ్యి ఎత్తి చూపించింది. వచ్చినవాళ్ళందరికీ అలాగే చూపిస్తోంది, ఏమీ దాచడం లేదు. నాకు కడుపులోంచి తన్నుకొచ్చింది. నీ పక్కబట్టల మీదే కక్కాను. మీ అమ్మ బాలింత ఒంటితో వంగి అంతా తుడిచింది.

అయిదు నెలలకి నాకు మగపిల్లాడు పుట్టాడు. ఏడవలేదు. ఊపిరి లేదు. మళ్ళీ కానుపు కాదన్నారు. అక్క బిడ్డని అసహ్యించుకున్నందుకే ఇలా అయిందని నేను మంచం పట్టాను. తిండి లేదు, నిద్ర లేదు. నూతి దగ్గర నుంచి రెండుసార్లు మన పక్కింటి గున్నమ్మ లాక్కొచ్చింది. అప్పుడు మీ అమ్మ నిన్ను తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. "దీన్ని పెంచు. దీన్ని సూడ్డం నేర్సుకుంటే నువ్వు బతుకుతావు" అంది.

నేను బతికాను. చూడడం నేర్చుకోలేదు. పదేళ్ళు నీకు నీళ్ళు పోశాను, ఆ చేతికి సబ్బు రాసేటప్పుడు గోడకేసి చూసేదాన్ని. మాట ఎత్తకపోవడం ప్రేమ అనుకున్నావు నువ్వు. ఎత్తితే మళ్ళీ వాంతి వస్తుందని భయం నాది. మీ అమ్మ ప్రతి వేసవికీ నిన్ను తీసుకెళ్ళడానికి వచ్చేది. నేను ప్రతి వేసవికీ జబ్బుపడేదాన్ని. టైఫాయిడ్ కథ నేనే కట్టాను, ఎవరికీ చెప్పనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళు నీ చేత మాటలు పడి కూడా అది ఒట్టు తప్పలేదు.

నీ రోగి ఒక సంవత్సరం కక్కాడు. నేను ఒక్కసారే కక్కి మిగతాదంతా మింగాను. ఎవరిది ఎక్కువ రోతో నువ్వే చెప్పు.

భాగ్యవతి


విజయనగరం,
19-11-2018

పిన్నీ,

నీ ఉత్తరం చదివాక నాకు నీ మీద రోత పుట్టింది. దాచమంటావా? దాచడం మన ఇంట్లో ఇప్పటికే చాలా జరిగింది.

శ్రీకాకుళం వెళ్ళాను. అమ్మ బియ్యం ఏరుకుంటోంది. నువ్వు రాశావని చెప్పాను. చేట పక్కన పెట్టింది. "దానికి బిడ్డ పోయింది. నాకు బిడ్డ ఉన్నాది. ఇచ్చీసినాను. తప్పయితే నన్ను తిట్టు, దాన్నెందుకు?" అంది. అమ్మా తప్పే చేసింది. నీకు మందు కావాలని నన్ను ఇచ్చింది. నేను మందుని కాను. ఆ మాట కూడా అన్నాను. ఒప్పుకుంది. తర్వాత చెయ్యి పట్టుకుంది, ఈసారి లాక్కోలేదు. జెర్రి పాకినట్టు ఇంకా ఉంది. అది ఆవిడ వల్ల కాదు, నేను మీ ఇంట్లో నేర్చుకున్నదని ఇప్పుడు తెలుసు. నా చెయ్యిని నేను కూడా గోడకేసి చూస్తూనే కడుక్కుంటాను.

డాక్టరుగారి దగ్గర మానేశాను. మూడు లాంతర్ల జంక్షను దగ్గర మేడ మీద ఒక గది తీసుకున్నాను. మంచం లేదు, ఎదురెదురుగా రెండు కుర్చీలు. ఆరుగురిలో ఇద్దరే వెంట వచ్చారు. భోగాపురమాయన ఒకరు. కూతుర్ని ఇంటికి తెచ్చుకున్నాడు. అది తింటూంటే పక్కన కూర్చుంటున్నాడు. వారానికి రెండుసార్లు ఇప్పటికీ కక్కుతాడు, వచ్చి మళ్ళీ కూర్చుంటాడు. నయమైందని రాయను. పాప పేరు మాత్రం చెప్పాడు.

నువ్వు రా. పెద్ద మాటలేవీ వద్దు, క్షమాపణా వద్దు. వచ్చి నా చెయ్యి చూడు. ఏమనిపిస్తే అది చెప్పు.

సింధు


నౌపడ,
16-12-2018

సింధూ,

ఇంటికి చేరాను. బండి రెండు గంటలు ఆలస్యం. బాబాయి అన్నం మాడ్చి, అదే తిని, బాగుందంటున్నారు.

నీ ఎదురుగా నోరు రాలేదు, అందుకని చూసింది రాస్తున్నాను. మోచేతి కింద బెత్తెడు ఉంది. తోలు మిగతా ఒంటి కన్నా తెలుపు. చివర అయిదు బొడిపెలున్నాయి, శనగగింజల్లాగ. మధ్యదానికి ఆవగింజంత గోరు. పదేళ్ళు పెంచినదాన్ని, దానికి గోరుందని నాకు తెలీదు.

కడుపులో తిప్పింది. నువ్వు కనిపెట్టావు. "బయటికెళ్తావా పిన్నీ?" అన్నావు. వెళ్ళలేదు. నొప్పెడుతుందా అని అడిగాను. చలికాలం లాగుతుందన్నావు. మా ఇంట్లో పది చలికాలాలు ఉన్నావు, ఒక్కసారైనా అడగలేదు నేను.

అందుకే నీళ్ళు కాచాను. గుడ్డ ముంచి, పిండి, నీ చేతికి కాపడం పెట్టాను. గోరు దగ్గర "మెల్లిగా" అన్నావు. మెల్లిగానే పెట్టాను, చూస్తూ పెట్టాను.

పిన్ని